రాజుకు వీపు చూపిన బాతులు

తెల్లవారింది. కుంభినీ రాజ్యానికి కంఠహారమని కవులు కొనియాడే కలువకోలు సరస్సు మీద మంచు తెర మెల్లమెల్లగా తొలగుతోంది. ఆ తెర వెనక నుంచి ముందు తుంగదుబ్బులు, తరవాత తామరాకులు, ఆ పైన నీలపు పట్టు పరిచినట్టున్న నీళ్ళు బయటపడ్డాయి. కెందామరలు రేకులు విప్పుతున్నాయి. తుమ్మెదలు ఝుమ్మంటున్నాయి. కొంగలు ఒంటికాలి మీద తపస్సు చేస్తున్నాయి. ఆస్థానకవి ఎవరైనా వర్ణించడానికి కూర్చుంటే మధ్యాహ్న భోజనానికి కూడా లేవడు. అంతటి సుందర దృశ్యం నడుమ, మొలలోతు బురదలో, నెత్తిన ఒక కొయ్యబాతు, చంకలో ఇంకొక కొయ్యబాతు, పళ్ళ మధ్య పురికొస పెట్టుకుని నిలబడి ఉన్నాడు మన తిప్పన. ముక్కు మీద వాలిన దోమను కొట్టుకోవడానికి కూడా అతనికి చెయ్యి ఖాళీ లేదు.

తిప్పన వేటగాడు కాడు. అతని వంశంలో ఎవరూ పిట్టను పట్టిన పాపాన పోలేదు. అతను పగటివేషగాడు. పొద్దున సాధువు, మధ్యాహ్నం సుంకరి, సాయంత్రం సోమిదేవమ్మ. ఏ వేషం కట్టినా అసలువాళ్ళే వచ్చి, 'మరి నేనెవర్ని?' అని తడుముకునేంత బాగా కట్టేవాడు. ఆ నేర్పే అతని కొంప ముంచింది. భద్రకీర్తి మహారాజు నిండు కొలువులో తొండలగుట్ట మాంత్రికుడు కర్కోటనాథుడి వేషం కట్టాడు. గొర్రెబొచ్చు గడ్డం, బూడిద బుర్ర, మాటకోసారి ముక్కు చీదడం, అన్నీ అచ్చు గుద్దినట్టు దించాడు. తల్లి పోయిన నాటి నుంచి పెదవి విప్పి నవ్వని యువరాజు కువలయసేనుడు పొట్ట పట్టుకుని నవ్వి నవ్వి ఆసనం మీంచి జారి కిందపడ్డాడు. సభంతా చప్పట్లు మోగాయి. స్తంభం పక్కన ఒక మనిషి మాత్రం చేతులు కదపలేదు. ఆయన సాక్షాత్తూ కర్కోటనాథుడే.

మాంత్రికుడు లేచాడు, ముక్కు చీదాడు, గుప్పెడు బూడిద తీసి యువరాజు మీద విసిరాడు. నవ్వుతున్న యువరాజు నవ్వుతుండగానే తల మీద నల్లపట్టెలున్న బాతై, రెక్కలు టపటపలాడించుకుంటూ గవాక్షంలోంచి ఎగిరిపోయాడు.

"రాజా! నీ కొడుకు ఇక ఉత్తరాది పట్టెతల బాతుల మందలో ఒకడు," అన్నాడు మాంత్రికుడు. "వాడు తనంతట తానుగా వచ్చి నీ అరచేతిలో గింజ తింటే మళ్ళీ మనిషవుతాడు. వలేసి పట్టినా, ముక్కు విప్పి మింగించినా చెల్లదు. మందతోపాటు మంచుకొండ దాటాడో, నువ్వెవరో వాడికి తెలియదు, తానెవరో కూడా తెలియదు!" ఆ మాట అని పొగై మాయమయ్యాడు.

మహారాజు తిప్పన వైపు తిరిగాడు. "నీ వేషం వల్ల పోయాడు నా కొడుకు. నువ్వే తిరిగి తేవాలి. లేకపోతే నీ తల కోట గుమ్మానికి వేలాడుతుంది."

తిప్పన తలకు భయపడిన మాట నిజమే. అయితే అంతకన్నా అతన్ని కుదురుగా ఉండనివ్వనిది ఆ నవ్వు. ఎన్నో ఊళ్ళు తిరిగాడు, ఎందరినో నవ్వించాడు గానీ, అంత ఆకలిగా నవ్వినవాణ్ణి అతను చూడలేదు. ఆ కుర్రవాడంటే అతనికి ఆ క్షణంలోనే ప్రాణమిచ్చేంత ఇష్టం కలిగింది. అలాంటివాడు బాతై బురదలో నత్తలు ఏరుకుంటున్నాడనుకుంటే తిప్పనకు అన్నం సహించేది కాదు.

పట్టెతల బాతులు చలికాలంలో మంచుకొండలు దాటి కలువకోలుకు వస్తాయి. దక్షిణపు గాలి తిరిగిందంటే మళ్ళీ బయలుదేరి వెళ్ళిపోతాయి. ఆ తెల్లవారుజామునే దక్షిణపు గాలి తిరిగింది. మంద పొలాల్లో మేత మేసి, కడసారి నీళ్ళు తాగడానికి సరస్సుకు వస్తుంది, ఆ తరవాత ఉత్తరానికి లేచిపోతుంది. యువరాజును దింపాలంటే ఇదే ఆఖరి అవకాశం.

ఈ సంగతులన్నీ తిప్పనకు చెప్పింది పిట్టలు పట్టే ఓబులమ్మ. ఆవిడ నోటికి కలువకోలు చుట్టుపక్కల ఎదురు లేదు. వలసపిట్టల్ని దింపడానికి నీళ్ళ మీద వదిలే బొమ్మపిట్టను దీమం అంటారు. ఓబులమ్మ దీమాలు పొణికి కర్రతో చెక్కినవి. వాటికి ఆవిడే రంగులు పూసి, మెడ ఒంపులు తీర్చింది. ఆవిడ వాటిని తిప్పనకు అప్పగిస్తూ, "ఒక్కటి పోయినా నీ తోలు ఒలిచి దాంట్లో గడ్డి కూరి దీమం చేస్తా, చూసుకో అబ్బాయా! రాయి కట్టి నీళ్ళలో వదులు, అంతే. నీ తెలివి ఏమీ పెట్టమాక," అని మంద జాడ చూడటానికి తుంగలోకి వెళ్ళింది.

తిప్పన మరి తెలివి పెట్టకుండా ఎలా ఉంటాడు? ఉత్తరపు ఒడ్డున మహారాజుగారి డేరా వేశారు. బంగారు గొడుగు కింద మహారాజు కూర్చున్నాడు. పక్కన మంత్రి సుబోధనుడు, వెనక బిరుదులు చదివే భట్టు నిలబడ్డారు. దీమానికి రొమ్ము దగ్గర ఒక్క రాయి కట్టి వదిలితే గాలి ఎటు ఉంటే అటే తిరిగి, రాజుగారికి తోక చూపిస్తోంది. తిప్పన నాలుక కరుచుకున్నాడు. వేషగాళ్ళ పిల్లలకు నడక రాకముందే నేర్పే పాఠం ఒకటుంది, ప్రభువుకు వీపు చూపకూడదని. చచ్చిపోయే పాత్ర వేసినా ప్రభువు వైపు మొహం పెట్టే చావాలి. అందుకని అతను ప్రతి దీమానికీ రొమ్ము దగ్గర ఒక రాయి, తోక దగ్గర ఒక రాయి కట్టి, అన్నింటినీ రాజుగారికి ఎదురుగా బిగించాడు. ఒడ్డుకు వచ్చి చూసుకుంటే కొలువుతీరిన సామంతుల్లా ఉన్నాయి. మంత్రి కూడా మెచ్చుకోలుగా తలాడించాడు.

అంతలో ఆకాశంలో గాంగ్, గాంగ్ మని కూత వినిపించింది. మహారాజు సింహాసనం మీంచి సగం లేచాడు. బారులు తీరి మంద వస్తోంది. నీళ్ళ మీద ఒక చుట్టు తిరిగింది. కాస్త కిందికి దిగింది. మళ్ళీ ఒక చుట్టు తిరిగింది. ముందున్న ముసలిబాతు మెడ వంచి దీమాలను చూసింది. ఎందుకో అసహ్యం వేసినట్టు ఒక కూత కూసి, మందను వెంటబెట్టుకుని అవతలి మలుపు వైపు వెళ్ళిపోయింది.

తుంగలోంచి ఓబులమ్మ కేకలు పెట్టుకుంటూ వచ్చింది. "ఏందయ్యా ఇది? ఎవురు పెట్టమన్నారు ఇట్టా? గాలికి వీపు పెట్టి కూసునే బాతుని మీ తాతగానీ చూసినాడా?"

"రాజుగారికి వీపు పెట్టి కూర్చునే బాతుని మీ తాతగానీ చూశాడా అత్తా?" అన్నాడు తిప్పన.

"ఓరి నీ మర్యాద మంటగలవ! గాలికి ఎదురుగా కూసుంటేనే బాతుకి సుకం. లేదంటే ఈకల్లోకి గాలి దూరి గొడుగు తిరగబడినట్టు అయిద్ది. పైనించి చూసే పిట్టకి తెలవదా? 'ఈళ్ళకేదో జబ్బు చేసింది, ఈడ దిగితే మనకీ అంటుకుంటది' అని పోయినాయి!"

తోక రాళ్ళు విప్పడానికి తిప్పన వెంటనే నీళ్ళలోకి దూకబోయాడు. సుబోధనుడు కర్ర అడ్డం పెట్టాడు.

"ఆగు! ప్రభువుల సమక్షంలో తోకలు ప్రదర్శించడమా? రేపు పొరుగు రాజులు వింటే ఏమనుకుంటారు? కుంభినీ రాజ్యంలో బాతులు కూడా రాజును లెక్కచెయ్యవని నవ్వరూ?"

"అయ్యా, అవి కొయ్యవి," అన్నాడు తిప్పన.

"కొయ్యవే అంత పొగరుగా ఉంటే నిజం బాతులు ఎంతకు తెగిస్తాయి? పోనీ, పక్కకు పెట్టు. ఒక కన్ను గాలి వైపు, ఒక కన్ను ప్రభువు వైపు ఉంటుంది."

"అట్టా పెడితే కూరకి తరగడానికి పెట్టినట్టు ఉంటది మంత్రిగారో!" అంది ఓబులమ్మ.

మాటా మాటా పెరిగింది. కొలువు మర్యాదల గురించి సుబోధనుడు శ్లోకం అందుకున్నాడు. ఓబులమ్మ దానికి దీటుగా తన భాషలో అందుకుంది. ఆ గొడవలో మహారాజు లేచి నీళ్ళ అంచుదాకా నడిచిన సంగతి ఎవరూ గమనించలేదు. అక్కడ నిలబడి, ఎదురుగా ఉన్న చిన్న తుంగలంకను చూసి, ఆయన మెల్లగా అడిగాడు:

"మేము ఆ లంకలోకి వెళ్ళి కూర్చుంటే, అవి గాలికీ ఎదురుగా ఉంటాయి, మాకూ ఎదురుగా ఉంటాయి కదా?"

సుబోధనుడు శ్లోకం సగంలో ఆపేశాడు. ఓబులమ్మ నోరు వెళ్ళబెట్టింది. రాజు జరగవచ్చునన్న ఆలోచన అక్కడ ఎవరికీ రాలేదు. తరతరాలుగా రాజు ఉన్నచోట ఉండటం, తక్కినవన్నీ ఆయన చుట్టూ తిరగడం, అంతే అందరికీ తెలిసింది. కొడుకు కోసం మహారాజు ఆ అలవాటును చెప్పుల్లాగా ఒడ్డున విడిచాడు.

తాటిదోనె తెచ్చారు. ప్రభువు పాదం వాహనం మీద మోపినప్పుడల్లా బిరుదులు చదవడం భట్టు ఉద్యోగం. ఆయన ఊపిరి బిగించి, "రాజాధిరాజ, రిపుగజసింహ..." అని ఎత్తుకున్నాడు. తుంగలో ఉన్న నీటికోళ్ళన్నీ బెదిరి లేచిపోయాయి. ఓబులమ్మ కొంగున కట్టుకున్న నువ్వుల ఉండ తీసి ఆయన నోట్లో కుక్కింది. అది పాకం ముదిరిన ఉండ. మిగతా బిరుదులు ఆయన పళ్ళకు అంటుకుపోయాయి.

లంకలో దిగగానే తిప్పన తన అసలు విద్య బయటికి తీశాడు. "ప్రభూ, కిరీటం. ఎండలో మెరుస్తుంది, పిట్టలు బెదురుతాయి." మహారాజు కిరీటం తీసి ఇచ్చాడు. తరవాత హారాలు, భుజకీర్తులు, పట్టు ఉత్తరీయం ఇచ్చాడు. అవన్నీ దోనెలో వేసి సుబోధనుడికి పంపి, దోనెను వెనక్కి రప్పించారు. తిప్పన పచ్చి తుంగ కోసి, మహారాజు నెత్తిన కుచ్చులా కట్టి, మెడ నుంచి మోకాళ్ళ దాకా అల్లి, మొహానికి బురద పూశాడు. వెనక్కి జరిగి చూస్తే భద్రకీర్తి మహారాజు మాయమై, చక్కని తుంగదుబ్బు ఒకటి కూర్చుని ఉంది. దానికి రెండు దిగులు కళ్ళున్నాయి.

"తుంగ కదలకూడదా తిప్పనా?" అని అడిగింది దుబ్బు.

"కదలాలి ప్రభూ. గాలి వచ్చినప్పుడు ఊగాలి."

"ఎటు?"

"గాలి ఎటు తోస్తే అటు."

"మేము ఎవరు తోసినా ఊగి ఎరగం," అన్నాడు మహారాజు బెంగగా. అయినా ప్రయత్నించాడు. మొదట కొలువులో తల ఊపినట్టు ఊగాడు. తిప్పన నడుం పట్టుకుని నేర్పాక కాస్త తుంగలా ఊగాడు. ఒక కప్ప వచ్చి భుజకీర్తి ఉండవలసిన చోట కూర్చుంది. మహారాజు దాన్ని తోలలేదు. గుప్పిట్లో రాజనాల వడ్లు పట్టుకుని ఆకాశంకేసి చూస్తూ కూర్చున్నాడు.

తిప్పన ఈదుకుంటూ వెళ్ళి ప్రతి దీమం తోక దగ్గరి పురికొసా కోశాడు. ఒక్కొక్కటీ గిర్రున తిరిగి, గాలికి ఎదురై, హాయిగా ఊగింది. ఆ తిరుగుడు చూస్తే నిజంగానే బాతులు వచ్చి దిగాయనిపించింది. తరవాత అతనూ తల మీద తామరాకు వేసుకుని, మెడలోతు నీళ్ళలో దీమాల మధ్యే దాక్కున్నాడు.

ఓబులమ్మ లంక చివర కూర్చుని రెల్లుపీక నోట పెట్టింది. మలుపు అవతల ఉన్న మందను కదిలించే పిలుపు కూత అది. గాంగ్... గాంగ్... అని సాగదీసి ఊదితే నీళ్ళ మీద పాకుతూ పోయింది. కొంతసేపటికి దూరం నుంచి జవాబు వచ్చింది. మంద లేచింది. బారు కట్టి నెత్తిమీదికి వచ్చింది. ముసలిబాతుకు ఇందాకటి అనుమానం ఇంకా పోలేదు. ఒక చుట్టు తిరిగింది. దిగదు, పోదు.

"మేత కూత, మేత కూత!" అని ఓబులమ్మ కళ్ళతోనే సైగ చేసింది. కడుపు నిండా తింటున్న బాతులు తమలో తాము సన్నగా గొణుక్కునే కూత అది. పీకతో రాదు, గొంతుతోనే పలకాలి. గొంతుల విద్య తిప్పనదే కనుక ఆ పని అతనిది. అతను గొణగడం మొదలుపెట్టాడు. మొదట పద్ధతిగానే గొణిగాడు. కానీ పైన అంతమంది ప్రేక్షకులు తిరుగుతుంటే వేషగాడి గొంతు ఊరుకుంటుందా? ఒక ముసలిబాతు విసుగు చేర్చాడు. దానికి ఒక కోడలిబాతు ఎదురు సమాధానం చేర్చాడు. అత్తబాతు గయ్యిమంది. కోడలు ముక్కు ఎగబీల్చింది. మధ్యలో మొగుడుబాతు ఎటూ చెప్పలేక క్వక్కుమని ఊరుకున్నాడు.

"మేత కూతరా అంటే కాపరం కూతలు కూస్తావేందిరా!" అని ఓబులమ్మ పళ్ళు నూరింది. "పొయినాయి, ఇంక రావు!"

ఓబులమ్మ చెప్పింది ఆ ఒక్కసారి తప్పింది. ఆకాశంలో బాతులన్నీ ఒక్కసారి మెడలు వంచాయి. ఎక్కడైనా తగువు జరుగుతుంటే చూడకుండా వెళ్ళిపోయే ప్రాణి ఏ లోకంలో ఉంటుంది? రెక్కలు చాపి, కాళ్ళు ముందుకు పెట్టి, గాలికి ఎదురుగా జారుతూ, నీళ్ళు చిమ్ముకుంటూ మందంతా దిగింది. దిగీ దిగగానే దీమాల చుట్టూ మూగి, గొడవ ఏమిటని ఒకదాన్నొకటి అడగడం మొదలుపెట్టాయి.

అన్నింటికన్నా చివర ఒక్క బాతు దిగింది. ఎవరినీ తోసుకోలేదు. అందరూ తామరగడ్డల మీద పడి తింటుంటే అది కాస్త ఎడంగా నిలబడింది. ఒక బలిసిన పోతుబాతు రొమ్ముతో గుద్దితే పక్కకు జరిగి దారి ఇచ్చింది.

తుంగదుబ్బులోంచి సన్నని ఏడుపు గొంతు వినిపించింది. "వాడే. వాడే నా కువలయుడు. చిన్నప్పటి నుంచీ అంతే, వడ్డించమని నోరు తెరిచి అడగడు."

దుబ్బు నెమ్మదిగా ఒక చెయ్యి చాపింది. అరచేతిలో రాజనాలు తళతళలాడాయి. ఆ బాతు తల తిప్పి చూసింది. ఒక అడుగు నీళ్ళలోంచి లంక మీదికి వేసింది. మళ్ళీ ఆగింది. మహారాజు ఊగడం కూడా మానేశాడు. బాతు ఇంకొక అడుగు వేసింది.

సరిగ్గా అప్పుడే గాలి కాస్త పడమరకు తిరిగింది. దీమాలన్నీ గాలితోపాటు తలలు తిప్పాయి. ఒక్కటి మాత్రం తిప్పలేదు. అది మహారాజునే కన్నార్పకుండా చూస్తోంది.

'ఇదొక్కటీ ఎంత రాజభక్తి గలదో!' అని ముచ్చటపడ్డాడు తిప్పన. మరుక్షణమే, దాని తోకకు కట్టిన పురి కొయ్యడం మరిచానేమోనని నీళ్ళలో చెయ్యి పెట్టి తడిమాడు. పురి లేదు. రాయి లేదు. చేతికి వేడిగా, బొమికలతో, ఒక కాలు తగిలింది. కొయ్యబాతు ఉలిక్కిపడి ముక్కు చీదింది.

ఆ చీదుడు తిప్పనకు తెలియకపోవడమా? దాన్ని అద్దం ముందు నిలబడి నేర్చుకున్నవాడు కదా!

"కర్కోటనాథుడు!" అని అరిచాడు.

దీమం బుసబుసా పొగలు కక్కుతూ లేచి, గొర్రెబొచ్చు గడ్డం మాంత్రికుడై నీళ్ళ మీద నిలబడింది. "మంద దిగితే దిగింది. ఆ గింజ మాత్రం వాడి ముక్కుకు అందనివ్వను!" అంటూ నడుముకు కట్టిన చెంబులోంచి గుప్పెడు బూడిద తీసి మహారాజు మీదికి విసిరాడు. ముసలి రాజును కప్పనో కాకినో చేస్తే ఇక గింజ పెట్టే చెయ్యే ఉండదని అతని ఎత్తు. తిప్పన ఆలోచించలేదు. నీళ్ళలోంచి ఎగిరి బూడిదకు అడ్డం పడ్డాడు. ఒళ్ళంతా చీమలు పాకినట్టయింది. చేతులు వెడల్పయ్యాయి, మెడ సాగింది, కాళ్ళు కురచబడ్డాయి. తలపాగా నీళ్ళలో తేలుకుంటూ వెళ్ళిపోయింది. జీవితంలో మొదటిసారి తిప్పన రంగు పూసుకోకుండా వేషం కట్టాడు.

ఆ గలభాకు మంద గుప్పున లేచింది. మహారాజు అరచేతికి జానెడు దూరంలో ముక్కు చాపిన యువరాజు కూడా బెదిరి, రెక్కలు కొట్టుకుంటూ మందలో కలిసిపోయాడు. రాజనాలు బురదలో చెల్లాచెదురయ్యాయి. ఓబులమ్మ దోనె గడతో మాంత్రికుడి నడ్డి మీద ఒక్కటి వేసింది. ఆవిడ రెండోది ఎత్తేలోగా అతను ముక్కు చీది, డేగ రూపం ఎత్తి నిట్టనిలువుగా ఆకాశంలోకి దూసుకుపోయాడు.

తిప్పనకు ఎగరడం రాదు. అయినా రెక్కలున్నాయి, వెనక ఓబులమ్మ గడ తిప్పుతోంది. అతను నీళ్ళ మీద పరుగెత్తాడు, ఒక దీమాన్ని తన్నుకున్నాడు, ఎలాగో లేచాడు. కిందామీదా పడుతూ, అందరి చేతా తిట్లు తింటూ, బారు చివర ఒంటరిగా పోతున్న బాతు పక్కకు చేరాడు. ఇప్పుడు వాటి కూతలన్నీ అతనికి మాటల్లా అర్థమవుతున్నాయి.

"యువరాజా!" అని కేక పెట్టాడు. "నేను తిప్పనని! మిమ్మల్ని నవ్వించినవాణ్ణి! వెనక్కి తిరగండి బాబూ!"

ఆ బాతు మర్యాదగా అతని వైపు చూసింది. "కొత్తగా వచ్చావా? యువరాజంటే ఏమిటి?"

తిప్పనకు రెక్క తప్పింది. మంచుకొండ దాటాక మరుస్తాడని కదా మాంత్రికుడు అన్నది! మరుపు కొండదాకా ఆగలేదు, అప్పుడే మొదలైపోయింది.

కింద లంకలో తుంగ అల్లిక ఊడి వేలాడుతున్న ముసలాయన మోకాళ్ళ మీద కూర్చుని, బురదలోంచి ఒక్కొక్క గింజే ఏరి అరచేతిలో పెట్టుకుంటున్నాడు. ఏరినవాటిని ఆకాశంలోకి చాపి ఏదో పేరు పెట్టి పిలుస్తున్నాడు. యువరాజు మెడ వంచి కిందికి చూశాడు.

"ఆ బురదలో ఏడుస్తున్నది ఎవరు?" అని అడిగాడు. "చూస్తుంటే నాకెందుకో రెక్క ముందుకు సాగడం లేదు."

తిప్పన నోరు తెరిచాడు. ఆ పిట్టల భాషలో నీళ్ళకు మాట ఉంది, గింజకు ఉంది, గాలికి ఉంది, డేగకు ఉంది. రాజుకు లేదు. తండ్రికి లేదు. ఎన్ని గొంతులతోనో మాట్లాడిన తిప్పన ఆ ఒక్క మాట కోసం ఆకాశమంతా వెతుక్కున్నాడు. ఎదురుగా బారు కనిపించింది. ముందు ఎగిరే ముసలిబాతు గాలినంతా తన రొమ్ముతో కోస్తుంటే, దాని వెనక పిల్లబాతు ఒకటి శ్రమ లేకుండా తేలిపోతోంది.

"నువ్వు చిన్నగా ఉన్నప్పుడు," అన్నాడు తిప్పన, "నీకు ముందు ఎగిరి, గాలంతా తాను కాసినవాడు."

యువరాజు మళ్ళీ కిందికి, లంక వైపు చూశాడు. తరవాత, "అలాంటివాణ్ణి వదిలి మనం ఎటు పోతున్నాం?" అని, ఎవరినీ అడగకుండా, బారులోంచి విడివడి రెక్క వాల్చి లంక వైపు తిరిగాడు.

తిప్పన ఆనందం పట్టలేక అరవబోయాడు. అంతలో అతని వీపు మీది ఎండ చప్పున చల్లబడింది. తలెత్తి చూశాడు. ఎంతో ఎత్తున డేగ రెక్కలు ముడిచింది. అది రాయిలా పడుతోంది, సూటిగా యువరాజు మీదికే పడుతోంది. కింద మహారాజు కూడా దాన్ని చూసి అరచెయ్యి ఇంకా పైకి చాపాడు. యువరాజు కళ్ళు ఆ అరచేతి మీదనే ఉన్నాయి, పైకి చూడటం లేదు.

తిప్పన తానూ రెక్కలు ముడుచుకుని, డేగకూ యువరాజుకూ మధ్యకు పడ్డాడు.